పొదుగుకోడి కింద కొనితెచ్చిన పిల్లలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి పెరటికోళ్ల గురించి అందిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. పొదుగుకు కూర్చున్న పెట్టకు, అది పొదగని పిల్లలను ఎలా అప్పగించాలన్నదే ఆ విషయం. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా నాటుపెట్ట 12 గుడ్ల మీద కూర్చుని 24 రోజులైంది. ఒక్క పిల్ల కూడా రాలేదు. ఒక గుడ్డు పగలగొట్టి చూస్తే లోపల మురిగిపోయి ఉంది. పెట్ట మాత్రం గూడు వదిలి రావడం లేదు. హేచరీ (యంత్రాలతో గుడ్లు పొదిగించే కేంద్రం) నుంచి ఒకరోజు వయసున్న వనరాజా జాతి పిల్లలను పది తెచ్చి దాని కింద పెడదామని మా అత్తగారు అంటున్నారు. పెట్ట వాటిని తన పిల్లల్లా చూసుకుంటుందా, పొడిచి చంపేస్తుందా?
— ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: మీ అత్తగారి ఆలోచన సరైనది, సమయం కూడా అనుకూలంగా ఉంది. పరాయి పిల్లలను పెట్ట దగ్గరకు తీస్తుందా లేదా అన్నది ముఖ్యంగా రెండు లెక్కలు కుదరడం మీద ఆధారపడి ఉంటుంది. పెట్ట ఎన్నాళ్లుగా కూర్చుని ఉందన్నది మొదటి లెక్క, పిల్లలు గుడ్డు నుంచి బయటపడి ఎన్నాళ్లయిందన్నది రెండవది. రాత్రిపూట పెట్టాలి, చప్పుడు చేయకూడదు వంటి జాగ్రత్తలన్నీ ఈ రెండూ కుదిరినప్పుడే ఫలిస్తాయి.

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పెట్ట గుడ్లు పెట్టడం మాని, రొమ్ము కింది ఈకలు రాల్చుకుని, ఒంటి వేడి నేరుగా గుడ్లకు తగిలేలా కూర్చోవడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోను ముఖ్య కారణం. పొదుగు చివరి రోజుల్లో గుడ్డులో నుంచే పిల్ల కిచకిచలాడుతుంది, పెట్ట సన్నని గొంతుతో దానికి బదులు పలుకుతుంది. ఆ గడువు దాకా కూర్చున్న పెట్ట, రొమ్ము కింద పిల్ల కదలిక, అరుపు తగిలితే చాలు, పొదిగే పని నుంచి పెంచే పనిలోకి మారిపోతుంది. మీ పెట్ట ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉంది. ఇక పిల్లల సంగతి చూస్తే, గుడ్డు నుంచి వచ్చిన పిల్ల కడుపులో మిగిలి ఉన్న పచ్చసొన దానికి రెండు మూడు రోజుల ఆహారం. హేచరీ వారు పిల్లలను దూరప్రాంతాలకు పంపగలుగుతున్నది దాని వల్లనే. తల్లి ఎవరో గుర్తుపట్టి వెంటపడడం నేర్చుకునేది కూడా ఆ రెండు మూడు రోజుల్లోనే. అందువల్ల పిల్లలు ఇంటికి చేరిన రాత్రే పని పూర్తి చేయండి, మరునాటికి వాయిదా వేయకండి.

దానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. పెట్ట అటక మీదో, గోడకు వేలాడదీసిన బుట్టలోనో కూర్చుని ఉంటే, పిల్లలను తేవడానికి రెండు రోజుల ముందు, చీకటిపడ్డాక, బుట్టతో సహా నేల మీదకు దించండి. ఎత్తు నుంచి జారిన పిల్ల తిరిగి ఎక్కలేక, తల్లి అరుపు వింటూనే కింద చలికి బిగుసుకుపోతుంది. కొత్త చోట పెట్ట కుదురుగా కూర్చుందని చూసుకున్న తరువాతే పిల్లల కోసం వెళ్లండి. మిగతా కోళ్లు, కుక్క, పిల్లి రాని మూల ఎంచుకుని, నేల మీద వరిగడ్డి గాని, పొడి ఊక గాని మందంగా పరచండి. నున్నని కాగితం, ప్లాస్టిక్ పట్టా వేయకూడదు, వాటి మీద పిల్లల కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి. పెట్ట రెక్కల కింద, ముడ్డి దగ్గర ఈకలు తప్పించి పేలు ఉన్నాయేమో చూడండి. మూడు వారాలు కదలకుండా కూర్చున్న కోడికి పేలు పట్టడం మామూలే, అవి ఒక్క రాత్రిలో పిల్లల తలల మీదికి పాకుతాయి. పేలు కనిపిస్తే పశువైద్యుణ్ని అడిగి కోళ్లకు తగిన మందే వాడండి. పొలానికి కొట్టే పురుగుమందు పొడిని చల్లే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, దాని వల్ల పేల కన్నా ముందు పిల్లలు చస్తాయి.

రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో, ఇల్లు సద్దుమణిగాక మొదలుపెట్టండి. టార్చి అద్దానికి ఎర్ర కాగితం చుడితే పెట్ట బెదరదు. పిల్లలు వెచ్చగా, పొడిగా ఉండాలి. చల్లబడిన పిల్ల రొమ్ముకు తగిలితే ఎంత సాధువైన పెట్ట అయినా ఉలిక్కిపడుతుంది. ఒక పిల్లను గుప్పిట్లో ఉంచుకుని, మీ చేతి వెనక భాగం పెట్ట వైపు ఉండేలా, ఎదురుగా కాకుండా పక్క నుంచి రెక్క కిందికి చేయి పోనివ్వండి. పెట్ట పొడిస్తే మీ చేతికే తగులుతుంది, పిల్లకు తగలదు. వేళ్లు తెరిచి పిల్లను లోపల వదిలి, అదే చేత్తో ఒక గుడ్డును మెల్లగా బయటికి తీయండి. మురిగిన గుడ్డు చిట్లితే ఆ కంపు గూడంతా పడుతుంది గనుక పట్టు గట్టిగా ఉండకూడదు. ఇలా రెండు మూడు పిల్లలను పెట్టి కాసేపు ఆగండి. పెట్ట ఒళ్లు కొద్దిగా లేపి, సర్దుకుని, గొంతులోనే సన్నగా ‘క్లుక్ క్లుక్’ మంటే పని సగం అయినట్టే. అప్పుడు మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా చేర్చి, గుడ్లన్నీ తీసేయండి. నాటుపెట్ట ఒళ్లు చిన్నదైనా పది పిల్లలను కప్పుకోగలదు. చలికాలంలో మాత్రం అంతకు మించకండి.

చాలామంది ఇక్కడితో పని ముగిసిందని పడుకుంటారు. అసలు పరీక్ష తెల్లవారుజామున జరుగుతుంది. చీకట్లో కాదనని పెట్ట, వెలుగులో పిల్లల ముఖాలు చూశాక ఏం చేస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. తొలికోడి కూసే వేళకే లేచి గూడు దగ్గర కూర్చోండి. రెక్క అంచున తలకాయలు తొంగి చూడడం, పెట్ట ఒక నూకను ముక్కుతో ఎత్తి వదిలి, మళ్లీ ఎత్తి వదిలి పిల్లలను పిలవడం మంచి గుర్తులు. మెరిసే కన్నును, కాలివేలిని చూసి పురుగనుకుని ఒకసారి మెత్తగా పొడవడం కూడా ఉంటుంది, దానికి కంగారుపడనవసరం లేదు. మెడ ఈకలు నిక్కబొడుచుకుని తల మీద గట్టిగా కొట్టడం, పిల్లను ముక్కుతో పట్టి విసరడం, పారిపోతున్న పిల్లను తరమడం కనిపిస్తే మాత్రం క్షణం ఆలోచించకుండా పిల్లలన్నింటినీ తీసేయండి. అలాంటప్పుడు పెట్టడానికి ఒక అట్టపెట్టె, దానిపైన 60 వాట్ల బల్బు ముందురోజే సిద్ధంగా ఉండాలి. పెట్ట కింద గుడ్లు తిరిగి పెట్టి, ఆ రాత్రి మరొక్కసారి ప్రయత్నించవచ్చు. రెండవసారీ కొడితే ఆ పెట్టను వదిలేయండి. బలవంతంగా అలవాటు చేయబోతే ఒక్కొక్క పిల్లే తగ్గుతూ వస్తుంది.

ప్రశ్న: మా పెట్ట అయిదు రోజుల క్రితం పొదుగుకు కూర్చుంది. ఇంట్లో బల్బు కింద పెంచుతున్న ఎనిమిది రోజుల పిల్లలు పదిహేను ఉన్నాయి. కరెంటు ఖర్చు తప్పుతుందని వాటిని పెట్ట కింద పెట్టాలనుకుంటున్నాను. కుదురుతుందా?
— ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: పైన చెప్పిన రెండు లెక్కలూ మీ విషయంలో ఎదురు తిరిగాయి. అయిదు రోజుల పెట్ట దృష్టి ఇంకా గుడ్ల మీదనే ఉంటుంది, కింద ఉన్నట్టుండి ఏదో కదిలితే చాలా పెట్టలు లేచి పోతాయి. ఎనిమిది రోజుల పిల్లలకు వెచ్చదనమంటే బల్బు, మేత అంటే మీ చెయ్యి. పెట్ట పిలిచినా వాటికి ఆ పిలుపు అర్థం కాదు, రెక్కల కిందికి దూరాలన్న ఆలోచనే రాదు. పెట్ట మనసు మెత్తబడినా, చీకటి పడే వేళకు పిల్లలు ఒక మూల గుంపుగా ముడుచుకుని, పెట్ట ఇంకో మూల పిలుస్తూ కూర్చుంటుంది. ఇలాంటి జోడీ ఎక్కడా కుదరలేదని చెప్పను గాని, పదిహేను పిల్లలను పణంగా పెట్టి చూడవలసిన పని కాదు.

ఆ పిల్లలను బల్బు కిందనే పెంచండి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోతే, ఈకలు నిండేసరికి బల్బు అవసరమే తీరిపోతుంది. ఎండాకాలంలో పగలు ఎలాగూ బల్బు అక్కర్లేదు గనుక మీరు భయపడుతున్నంత ఖర్చు కాదు. పెట్ట కింద నాలుగైదు గుడ్లు ఉంచి దాని పొదుగు సాగనివ్వండి. రెండు వారాలు దాటాక హేచరీలో ఒకరోజు పిల్లలు దొరికే తేదీ కనుక్కుని తెచ్చుకోండి. ఈలోగా రోజుకొకసారి పెట్టను గూటి నుంచి దించి గింజలు, నీళ్లు చూపించడం మరవకండి. పొదుగులో ఉన్న కోడి తిండి తగ్గించి చిక్కిపోతుంది, పిల్లలు వచ్చేనాటికి నీరసించిన పెట్ట వాటి వెంట తిరగలేదు.

ప్రశ్న: మేము అమెరికాలోని టెక్సస్‌లో ఉంటాము. పెరట్లో నాలుగు కోళ్లు ఉన్నాయి, పుంజు లేదు. అందులో సిల్కీ జాతి పెట్ట ఒకటి ఖాళీ గూట్లోనే పది రోజులుగా కూర్చుని లేవడం లేదు. ఇక్కడ పోస్టులో పిల్లలు తెప్పించుకోవచ్చని విన్నాము. మా పెట్టకు ఆ పిల్లలు పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: పనికివస్తాయి. సిల్కీ జాతి పెట్టలు పొదుగుకు, పిల్లల పెంపకానికి పెట్టింది పేరు. పుంజు లేని ఇంట గుడ్లు పొదిగినా పిల్లలు రావు గనుక, దాని పట్టుదలకు ఇదొక్కటే సరైన దారి. ఒకరోజు పిల్లలను పోస్టులో పంపే పద్ధతి మీ దేశంలో 1918 నుంచి ఉంది. ఇందాక చెప్పిన పచ్చసొన నిల్వే దానికీ ఆధారం. మీరు గమనించవలసింది తేదీలే. పిల్లలు మీకు చేరేసరికి పెట్ట కూర్చుని మూడు వారాలు కావచ్చేలా ఆర్డరు పెట్టుకోండి. ఈలోగా కూర్చోవడానికి దాని కింద చెక్క గుడ్లు గాని, ప్లాస్టిక్ గుడ్లు గాని పెట్టండి. పార్శిల్ రాగానే పిల్లలను వెచ్చని చోట ఉంచి, ఒక్కొక్కదాని ముక్కును నీళ్లలో ముంచి తాగడం చూపించి, కొంచెం తిననిచ్చి, ఆ రాత్రే చేర్చండి. ప్రయాణంలో డస్సిపోయిన పిల్లను నేరుగా పెట్ట కింద పెడితే అది తెల్లారేదాకా నీళ్లు లేకుండా ఉండిపోతుంది. సిల్కీ ఒళ్లు చిన్నది, అయిదారు పిల్లలు చాలు. పోస్టులో పంపేవారు పిల్లలు దారిలో చలికి తట్టుకోవాలని ఎక్కువ సంఖ్యలో కొనాలంటారు. మీకు దగ్గరలో మేత అమ్మే దుకాణంలో పిల్లలు దొరికితే అదే మేలు, కాకపోతే అవి గుడ్డు నుంచి వచ్చి ఎన్ని రోజులైందో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: జాతరలో మా అబ్బాయి గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు కోడిపిల్లలు నాలుగు కొన్నాడు. ఇంట్లో పిల్లలకోడి ఉంది. వాటితో కలిపేయవచ్చా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: కలపకండి. ఆ పిల్లలు సాధారణంగా గుడ్ల జాతి కోళ్ల మగపిల్లలు. హేచరీకి అక్కర్లేని వాటికి రంగు అద్ది అమ్ముతారు. వాటి వయసు అమ్మేవాడికే తెలియదు, టీకా పడి ఉండే అవకాశం తక్కువ, రోజంతా ఎండలో బుట్టలో కుక్కి ఉండడం వల్ల సగం ప్రాణంతోనే ఇంటికి చేరతాయి. ఇప్పటికే పిల్లలతో తిరుగుతున్న కోడి తన పిల్లల రూపురేఖలు గుర్తుపట్టి ఉంటుంది గనుక గులాబీ రంగు నూగును చూడగానే పొడుస్తుంది. అంతకు మించి, వాటి రోగం మీ నాటుపిల్లలకు అంటుకుంటే ఉన్నవి కూడా పోతాయి. వేరే గదిలో పెట్టెలో పెంచి, అవి బతికి ఈకలు వచ్చాక ఆలోచించండి. ఇకముందు కొనకుండా ఉండడం మంచిదని మీ అబ్బాయికి నచ్చజెప్పండి.

ప్రశ్న: రెండు పెట్టలు ఒకేసారి కూర్చున్నాయి. ఒకదాని కింద తొమ్మిది పిల్లలు లేచాయి, రెండో దాని కింద మూడే వచ్చాయి. మూడు పిల్లలను కూడా మొదటి పెట్టకే ఇచ్చేస్తే రెండోది త్వరగా గుడ్లకు వస్తుందని మా ఆశ. ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పిల్లలన్నీ ఒకటి రెండు రోజుల తేడాలో పుట్టి, రెండు పెట్టలూ ఇంకా గూడు వదిలి బయట తిరగడం మొదలుపెట్టకపోతే ఇవ్వవచ్చు. పద్ధతి అదే, రాత్రిపూట ఒక్కొక్కటిగా చేర్చాలి. పెట్ట పిల్లలను వెంటేసుకుని రెండు మూడు రోజులు తిరిగిందంటే తనవి ఏవో, పరాయివి ఏవో తేల్చుకుంటుంది. అప్పుడు కొత్తగా వచ్చిన వాటిని, ముఖ్యంగా రంగు తేడాగా ఉన్న వాటిని ఏరి మరీ కొడుతుంది. పుట్టినప్పటి నుంచి నలుపు, గోధుమ, తెలుపు కలిసి ఉన్న గుంపులో అయితే అంత పట్టింపు ఉండదు. కనుక మీ తొమ్మిది పిల్లల్లో అన్ని రంగులూ ఉంటే మీ పని సులువు. వయసు తేడా వారం దాటితే మాత్రం పెట్ట ఒప్పుకున్నా కలపకూడదు. పెద్దపిల్లలు మేత దగ్గర చిన్నవాటిని తొక్కేస్తాయి, వాటి వెంట పెట్ట దూరం నడిచిపోతే చిన్నవి వెనకబడి గద్ద పాలవుతాయి.

పిల్లలు పోయిన పెట్ట రెండు మూడు రోజులు అరుస్తూ వెతుకుతుంది. దాన్ని ఖాళీ గూట్లోకి తిరిగి పోనివ్వకుండా, కింద గాలి ఆడే జాలి గూటిలో పెట్టి మేత బాగా వేస్తే పొదుగు వదులుతుంది. నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటివి పాత ఇళ్లలో చేసేవారు. అవి అనవసరమైన హింస.

ప్రశ్న: మీ శీర్షికలో లోగడ చదివిన ప్రకారం చేశాము, పెట్ట పిల్లలను తీసుకుంది. తల్లి ఉంది గనుక ఇక టీకాలు, ప్రత్యేకమైన మేత అక్కర్లేదని మా పక్కింటి వారు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: నిజం కాదు. తల్లి వేడినిస్తుంది, దారి చూపిస్తుంది, గద్ద నీడ పడగానే కేకవేసి రెక్కలు చాస్తుంది, తెగుళ్లను మాత్రం ఆపలేదు. పైగా పెరటికోడి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే కొన్ని రోగాలను మోస్తూ ఉంటుంది. హేచరీ పిల్లలకు అవి కొత్త. ఒకరోజు వయసులో వేసే మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే వైరస్ జబ్బు) టీకా హేచరీలోనే వేశారో లేదో పిల్లలు కొనేటప్పుడే అడగాలి. కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధి) లాసోటా అనే టీకా చుక్క అయిదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో వేయాలి. గంబోరో అనే వైరస్ జబ్బుకు 14వ రోజు ప్రాంతంలో, లాసోటా మరోసారి 28వ రోజు ప్రాంతంలో, ఆ తరువాత ఆరు, ఎనిమిది వారాల మధ్య కోళ్ల మశూచికి, కొక్కెర తెగులుకు సూదిమందు వేయించాలి. మీ పశువైద్యశాలలో అనుసరించే తేదీల్లో ఒకటి రెండు రోజులు తేడా ఉంటే వారు చెప్పినట్టే చేయండి. టీకా మందును మంచు మీద తెచ్చి, కలిపిన తరువాత రెండు గంటల్లోపు వాడేయాలి. చుక్కలు వేసే పని సాయంత్రం చీకటి పడ్డాక పెట్టుకుంటే, పిల్లలను తల్లి కింద నుంచి తీసి, చుక్క వేసి తిరిగి పెట్టడానికి పెట్ట ఎదురు తిరగదు.

మేత విషయంలో రెండు తప్పులు ఎక్కువగా జరుగుతున్నాయి. మొదటిది నూకలు మాత్రమే వేయడం. నూకలతో కడుపు నిండుతుంది గాని, మొదటి ఆరు వారాల ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు అందవు. నాటుపిల్లలు చెదలు, పురుగులు ఏరుకుని ఆ లోటు కొంత పూడ్చుకుంటాయి. త్వరగా పెరిగే వనరాజా, గ్రామప్రియ వంటి వాటికి అది చాలదు, చిక్ స్టార్టర్ (చిన్న కోడిపిల్లల కోసం తయారుచేసే) దాణా తప్పనిసరి. రెండవది, తల్లికి వేసే గుడ్లకోళ్ల దాణానే పిల్లలకు అందుబాటులో ఉంచడం. అందులో గుడ్డు పెంకు కోసం కలిపే కాల్షియం మూడున్నర శాతం దాకా ఉంటుంది, పిల్లలకు ఒక శాతం చాలు, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలను పెంచుతున్నన్నాళ్లు తల్లి గుడ్లు పెట్టదు గనుక ఇద్దరికీ చిక్ స్టార్టరే వేయండి, తల్లికి గుప్పెడు గింజలు అదనంగా చల్లండి. నీళ్ల మూకుడు లోతు తక్కువగా ఉండాలి, అందులో గులకరాళ్లు పరిస్తే పిల్ల పడినా మునగదు. తల్లి కాలితో గీరి ఊక, రెట్ట నీళ్లలో పడేస్తుంది గనుక మూకుడును ఒక ఇటుక ఎత్తున పెట్టి రోజుకు రెండు మూడు సార్లు మార్చండి. తడిసిన ఊక ఎప్పటికప్పుడు తీసేయకపోతే రక్తపు రెట్టల జబ్బు మొదలవుతుంది. రెట్టలో ఎరుపు కనిపించినా, పిల్లలు రెక్కలు వేలాడేసి మూలన నిలబడినా అదే రోజు పశువైద్యుణ్ని కలవండి.

మొదటి వారం తల్లిని, పిల్లలను గంప కిందనే ఉంచండి. ఆ తరువాత ఎండ బాగా కాసే పూట గంట, రెండు గంటలు వదిలి, గద్దలు తిరిగే పొద్దున, సాయంత్రం వేళల్లో మళ్లీ గంప కిందికి చేర్చండి. గంప మీద బరువు పెట్టడం మరవకండి, ముంగిస గంపను ఒరిగించి లోపలికి దూరుతుంది. వాన కురిసి నేల తడిగా ఉన్న రోజు వదలనే వద్దు. ఆరు, ఎనిమిది వారాల మధ్య పెట్ట తనంతట తానే పిల్లలను పొడిచి దూరం పెట్టడం మొదలుపెడుతుంది. అది కోపమో, పరాయి పిల్లలని గుర్తుపట్టడమో కాదు, మళ్లీ గుడ్లకు వస్తోందని తెలిపే గుర్తు. అప్పుడు పెట్టను మిగతా కోళ్లలో కలిపి, పిల్లలను అదే గూట్లో ఉండనివ్వండి.